యాంటీబాడీలు ఎక్కువొచ్చాయని సంబరపడిన మూడు నెలలు

ఈ ప్రయాణం మూడు నెలల క్రితమే చేయాల్సింది. మా పన్నెండేళ్ళ దివ్యకు పేగుల్లో పుండ్లు పడే క్రోన్స్ జబ్బు. అది ముందు ముందు ఎలా నడుస్తుందో అంచనా వేయడానికి కోల్‌కతా డాక్టరమ్మ ఒక రక్తపరీక్ష రాసిచ్చింది. జంషెడ్‌పూర్‌లోనే చేయించాను. యాంటీబాడీలు మామూలు కంటే చాలా ఎక్కువని వచ్చింది. ల్యాబ్ కౌంటర్లో మనిషి "అచ్ఛా హై, తాకత్ హై" అన్నాడు, మంచిదే, బలముందని. కరోనా రోజుల నుంచీ మాకు యాంటీబాడీ అంటే రోగాన్ని గెలిచినట్టే కదా. భుయ్యాడీహ్‌లో మా వీధంతా చెప్పుకున్నాను. కడుపునొప్పి కూడా కాస్త తగ్గడంతో, ఇక కోల్‌కతా దేనికని అపాయింట్‌మెంట్ వదిలేశాను. తలచుకుంటే ఒళ్ళు మండిపోతోంది.

నొప్పి తిరగబెట్టాక, పోయిన మంగళవారం పొద్దున్న ఐదుంపావుకి బయల్దేరాం. టాటానగర్ స్టేషనుకు ఆటో రెండు వందలు. ఆటో మా వీధి అప్పలనాయుడు మావది.

"ఏటి బాబూ, మళ్ళీ ఎక్కడికెల్తన్నారు? పిల్లకి యాంటీబాడీలు బాగున్నాయన్నావు కదేటి?"

"బాగోనేదు మావా. నువ్వు రోడ్డు చూసి నడుపు" అని కసిరాను. పాపం, ఆయనకు ఆ మాట చెప్పింది నేనే.

ఆరు దాటాక రైలు, పదిన్నరకు హౌరా. ఆసుపత్రివాళ్ళు ఫోన్లో చెప్పిన స్కాను కోసం దివ్య పరగడుపున ఉంది. మరమరాలవాడు వచ్చిన ప్రతిసారీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. హౌరా నుంచి ఆసుపత్రికి టాక్సీ నాలుగు వందలు.

డాక్టరమ్మ రిపోర్టు మీద తేదీ చూసి, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని హిందీలో అడిగింది. చెప్పాను. "ఇది బలం కాదు, జబ్బు మొండిదని చెప్పే గుర్తు. ఈ ఒక్క పరీక్షతోనే అంతా తేలదు. కానీ ఇంత ఎక్కువున్న పిల్లల్లో పేగు ఇరుకైపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడే వచ్చుంటే గట్టి మందు మొదలుపెట్టేదాన్ని" అంది. మధ్యాహ్నం స్కానులో చిన్నపేగు చివర ఇరుకైందని తేలింది. మందుకు లొంగకపోతే ఆపరేషనే.

తిరుగు రైల్లో దివ్య మెల్లగా అడిగింది: "పాపా, తీన్ మహీనే పహలే ఆతే తో?" నాన్నా, మూడు నెలల ముందే వచ్చుంటే ఏమయ్యేదని. డాక్టరమ్మ కచ్చితంగా చెప్పలేదు, నేనూ చెప్పలేను. తెలియని విషయంలో తీర్పు చెప్పిన ఆ కౌంటరువాడి మీద నాకు కోపం. కానీ వాడు ఒక్క మాటన్నాడు, నమ్మి మూడు నెలలు పోగొట్టింది నేను. నన్ను నేను క్షమించుకోలేను.

మీ పిల్లలకూ ఈ పరీక్ష రాస్తే, రిపోర్టు చేతికొచ్చిన రోజే ఫోటో తీసి, రాసిన డాక్టరుకే పంపండి. వాళ్ళు చెప్పేదాకా ఎవరికీ శుభవార్త చెప్పకండి, ముఖ్యంగా మీకు మీరు.