కుండకు కాపలా ఉన్న చేప

మా పెళ్లయిన మరుసటి వానాకాలానికి మా ఆయన వేరే మనిషి అయిపోయాడు. గోదావరిఖనిలో గనిని బాయి అనేవాళ్లం. ఆ బాయిలో అతనూ, అతని జోడీదారూ కలిసి బొగ్గు నింపేవారు. ఒకరోజు పైకప్పు కూలి జోడీదారు నడుం దాకా బండల కింద ఇరుక్కున్నాడు. ప్రాణం ఉంది. మా ఆయన అతని రెండు చేతులూ పట్టుకుని లాగుతుండగా ఇంకో బండ పడింది. జోడీదారు ప్రాణం పోయాక కూడా మా ఆయన ఆ చేతులను వదల్లేదట. తోటివాళ్లు అతని వేళ్లను ఒక్కొక్కటిగా తెరవాల్సి వచ్చిందట.

ఇదంతా నల్లా దగ్గర ఆడవాళ్లు చెబితే తెలిసింది. అతను నాకేమీ చెప్పలేదు. ఇంటికి వచ్చి స్నానం చేశాడు. కూరలో ఉప్పెక్కువైందని కంచం నా ముఖాన విసిరాడు. పై పెదవి చీలి రక్తం అన్నంలో పడింది. అది మొదటిసారి. కొన్నాళ్లకు ఉప్పూ కారం అనే సాకులు కూడా అక్కర్లేకపోయాయి.

మాది రెండు గదుల కంపెనీ క్వార్టరు. వెనక పెరట్లో నీళ్లకు సిమెంటు తొట్టి ఉండేది. మా అత్త మాతోనే ఉండేది. కొడుకు నన్ను కొడుతుంటే ఆమె గోడవైపు తిరిగి కూర్చుని చింతపండు గింజలు తీసేది. అడ్డం వచ్చేది కాదు. అతనికన్నా ఆమెనే నేను ఎక్కువ అసహ్యించుకున్న రోజులున్నాయి.

ఒకసారి అతను ఊరికి పోయి, వరి మళ్లలో పట్టిన మీసాల చేపలను తడి గోనెసంచిలో వేసుకుని వచ్చాడు. పులుసు పెట్టమన్నాడు. ఒకదానికి బూడిద రాసి కత్తి ఎత్తానో లేదో, అది మెలికలు తిరిగి మొప్ప పక్కనుండే ముల్లును నా అరచేతిలో దించింది. నొప్పి భుజం దాకా పాకింది. మిగతావి సంచిలోంచి జారి, రెక్కల మీద పాక్కుంటూ మురుగునీళ్ల మోరీవైపు బయల్దేరాయి. వాటిని గుడ్డతో పట్టి తొట్టిలో పడేశాను. పులుసు లేదని ఆ సాయంత్రం అతను నా వాచిన చేతినే పట్టి మెలిపెట్టాడు.

తెల్లారి చూస్తే చేపలు తొట్టిలో తిరుగుతున్నాయి. నన్ను పొడిచినదాని మీద నాకు కోపం రాలేదు. కత్తి ఎత్తినవాళ్లను పొడవాలని దానికైనా తెలుసు కదా అనిపించింది. వాటిని కోయనన్నాను. ఆ మాటకూ దెబ్బలు పడ్డాయి. కానీ కోయలేదు.

పక్క క్వార్టరులో దవాఖాన కంపౌండరు కుటుంబం ఉండేది. అతని భార్యను నేను ఖాలా అని, వాళ్ల భాషలో పిన్ని అని, పిలిచేదాన్ని. వాళ్ల ముందు గదిలో అద్దాల తొట్టి ఉండేది. అందులో హైదరాబాదు నుంచి తెచ్చిన ఎర్ర చేపలతో పాటు, అద్దానికి నోరు అతికించుకుని పాకే గరుకు ఒంటి నల్ల చేపలు రెండు ఉండేవి. అవీ మీసాల జాతివేనని, గొట్టంలో గుడ్లు పెడితే మగది కాపలా ఉంటుందని ఖాలా చెప్పింది. ఇనుప చట్రం ఉన్న పాత అద్దాల తొట్టి ఒకటి నాకిచ్చింది. పగుళ్లకు పుట్టీ పెట్టడం, నల్లా నీళ్లు ఒక పూట నిలవ ఉంచి పొయ్యడం, వానపాములు తరిగి వెయ్యడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మా చేపలను అందులోకి మార్చి అద్దంలోంచి చూస్తేనే వాటి సంగతి తెలిసింది. పెద్దది చిన్నవాటి మీసాలు కొరికేసేది, తోకలు చీల్చేది. ఒక పొద్దున చూస్తే ఒకదానికి తల, వెన్నుముల్లు మాత్రమే మిగిలాయి. పెద్ద మగదాన్నీ, ఒక ఆడదాన్నీ తీసి మళ్లీ సిమెంటు తొట్టిలో వేశాను. అడుగున బంకమన్ను పరిచి, మెడ విరిగిన కుండను అడ్డంగా పెట్టాను.

తొలి వానలకు తొట్టిలో కొత్త నీరు పడగానే రెండూ పెనవేసుకుని పొర్లాయి. కుండ లోపల పసుపుపచ్చ గుడ్లు అతుక్కున్నాయి. ఆ వెంటనే మగది ఆడదాని మీద పడింది. నేను తీసేలోపే దాని పక్క అంతా చీలిపోయింది, బతకలేదు. మగది మాత్రం కుండ మూతిలో పడుకుని, తిండి కూడా ముట్టకుండా, తోకతో గుడ్లకు నీళ్లు ఆడిస్తూ ఉండిపోయింది. వేలు పెడితే రక్తం వచ్చేలా కొరికేది. కొన్నాళ్లకు ఆవగింజలకు తోకలు మొలిచినట్టు నల్లటి పిల్లలు కదిలాయి.

అప్పుడప్పుడు మా అత్త వచ్చి తొట్టి గట్టు మీద కూర్చునేది. ఒకరోజు అడిగింది.

“గది మొగదేనా?”

“మొగదే అత్తా.”

“పెండ్లాన్ని సంపి పిల్లల్ని సాత్తాంది,” అని లేచి లోపలికి పోయింది.

ఆ వారంలోనే జోడీదారు చచ్చిపోయిన చోటికే మా ఆయనకు మళ్లీ పని పడింది. పోనన్నాడు. పని చూసే సర్దారుతో కలబడ్డాడు. బయటికి పంపేస్తే సారా దుకాణంలో కూర్చుని మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. నేను తొట్టి దగ్గర ఉన్నాను. స్నానానికి నీళ్లేవి అని అడిగాడు. తొట్టిలో చేపలున్నాయి, నీళ్లు బిందెల్లో పట్టి పెట్టానన్నాను. జుట్టు పట్టి నా తలను తొట్టిలో ముంచాడు.

ముక్కులోకి, గొంతులోకి నీళ్లు పోయాయి. ఒకసారి పైకి లాగి మళ్లీ ముంచాడు. ఈసారి అతని చెయ్యి మోచేతిదాకా నీళ్లలోకి, కుండ మూతి దాకా వచ్చింది. మగది బాణంలా వచ్చి ఆ చేతిని కరిచి ముల్లు దింపింది. అతను అరిచి నన్ను వదిలేశాడు. చేపను ఈడ్చి నేలకేసి కొట్టాడు. కుండను పైకి లాగి బట్టలుతికే బండ మీద పగలగొట్టాడు. ఒట్టి కాలితో చేపను తొక్కాడు. రెండో ముల్లు పాదంలోకి దిగినా ఆగకుండా, అది ముద్దయ్యేదాకా తొక్కాడు.

నేను దగ్గుతూ గోడకు ఆనించిన రోకలి అందుకున్నాను. అతను నావైపు తిరిగి చెయ్యెత్తాడు. ఆ చేతి మీదే కొట్టాను. మణికట్టు ఎండుపుల్లలా పటుక్కుమంది. మళ్లీ భుజం మీద వేశాను. అతను కూలబడ్డాక తల మీద వెయ్యబోయాను. నిజంగానే వెయ్యబోయాను. మా అత్త వెనక నుంచి రోకలి పట్టుకుంది.

“సాలు బిడ్డా. ఇంకొకటి ఏత్తె సత్తడు.”

కంపౌండరు వచ్చి చేతికి బద్దలు కట్టి అతన్ని దవాఖానకు తీసుకుపోయాడు. మర్నాడు ఊరి నుంచి మా బావ, కులపెద్దలు వచ్చారు. మొగుడి మీద చెయ్యి చేసుకున్నదాన్ని పుట్టింటికి తోలెయ్యాల్సిందేనన్నారు. నేను నోరు తెరవకముందే మా అత్త లేచింది.

“దాన్నెందుకు అంటరు? కొట్టింది నేను. నా కొడుకును నేను కొట్టుకున్న.”

వాళ్లు ఆమె బక్క చేతులను చూశారు. ఎవరూ నమ్మలేదు. దవాఖాన నుంచి వచ్చి మంచం మీదున్న మా ఆయనను అడిగారు. అతను చేతి కట్టు వైపు చూశాడు.

“అవ్వనే కొట్టింది,” అన్నాడు.

పెండ్లాం చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడో, ఇంకేమైనా అనుకున్నాడో నాకు తెలియదు.

వాళ్లు వెళ్లాక మా అత్త చెప్పింది, మా మామ ఆమెను కొట్టేటప్పుడు ఆమె అత్త కూడా గోడవైపే తిరిగేదట. క్షమించమని మాత్రం అనలేదు.

మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో బొగ్గు నింపే చెమ్మస్ ఎత్తలేడని అతన్ని బాయి పైన దీపాలిచ్చే గదిలో పనికి మార్చారు. మళ్లీ బాయిలోకి దిగలేదు. అతను తాగడం మానలేదు, నాతో మంచిగా మాట్లాడిందీ లేదు. ఒకసారి మాత్రం కోపంలో ఎడమ చెయ్యి లేపాడు. నేను కదలకుండా నిలబడి చూశాను. ఆ చెయ్యి దానంతటదే దిగింది.

కుండ పగిలినప్పుడు కొన్ని పిల్లలు తొట్టి నీళ్లలోనే ఉండిపోయాయి. ఉడికించిన కోడిగుడ్డు సొన చిదిపి వేసి వాటిని పెంచాను. కాస్త ఎదగగానే అవీ ఒకదాన్నొకటి తినడం మొదలుపెట్టాయి. దోమలు పుట్టకుండా తొట్లలో వేసుకుంటామని మా క్వార్టర్ల లైన్ ఆడవాళ్లు గిలాసలు పట్టుకుని వచ్చారు. ఒక్కో తొట్టికి ఒక్కటే వేసుకోండి, రెండు వేస్తే మిగిలేది ఒక్కటేనని అందరికీ చెప్పి ఇచ్చాను.