పదును తెలిసిన చెయ్యి

నిన్న మధ్యాహ్నం, మామిడికాయల లారీలతో మా నూజివీడు రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేయడానికి లేని వేళ, నా పేరిట కొరియర్‌లో ఒక బరువైన పుస్తకం వచ్చింది. నేను గుమాస్తాగా చేరిన చుట్టల కంపెనీ వాళ్ళు తమ డెబ్బై అయిదేళ్ళ చరిత్రను అచ్చు వేయించి, బతికి ఉన్న పాత ఉద్యోగులందరికీ పంపుతున్నారట. నిగనిగలాడే కాగితం, పేజీకో ఫొటో. సంబరంగానే తెరిచాను గానీ నాలుగు పేజీలు తిప్పేసరికి ఒళ్ళు మండిపోయింది. ఆకును తాకినంతనే దాని పదును చెప్పగల దివ్యస్పర్శ వ్యవస్థాపకులదని రాశారు అందులో.

దివ్యస్పర్శట! కంపెనీ పెట్టిన మా షావుకారు గారికి అసలు పొగాకు ఘాటే పడేది కాదు. షెడ్డు గుమ్మం దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి, తుమ్ములు మొదలవగానే వెళ్ళిపోయేవారు.

పొగాకు పని ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎండిన ఆకు మీద నీళ్ళు చిలకరించి, గోనెపట్టాలు కప్పి, చుట్టడానికి వీలుగా మెత్తబడేదాకా ఆగాలి. ఆ మెత్తదనమే పదును. తొందరపడితే ఆకు చేతిలోనే పొడి అయిపోతుంది, ఆలస్యం చేస్తే బూజు పడుతుంది. విస్సన్నపేట రోడ్డులో, ఇప్పుడు మామిడికాయలు పెట్టెలకెత్తుతున్న ఆ రేకుల షెడ్డులోనే, ఆ పదును చెప్పే మనిషి మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క. పట్టా ఎత్తి ఒక ఆకు తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఈనె వంచేది. అది చేసే చప్పుడును బట్టి ఇంకో గంట ఆగాలో, పని మొదలుపెట్టాలో చెప్పేది. ఆ విద్య ఆమెకు ఎవరు నేర్పారో నాకు తెలియదు, అడగాలని అప్పట్లో తోచనూ లేదు.

ఒక వేసవిలో, సరుకు తొందరగా పంపాలని, షావుకారు గారు ఆమె వద్దంటున్నా పని మొదలుపెట్టించారు. సాయంత్రానికి షెడ్డు నిండా పొడే మిగిలింది. మర్నాడు ఆయనే రుమాలు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చి, “ఏమ్మా, ఇవాళ చెయ్యి పెట్టొచ్చా?” అని అడిగారు. “కాస్త పొద్దెక్కనివ్వండి బాబుగారూ,” అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే. ఆ తరువాత ఆమె సరేననకుండా ఎవరూ ఆకు ముట్టుకోలేదు. అటువంటి మనిషి ఊసు ఇంత లావు పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

కోపం ఆగక ఆ వాక్యాన్నే నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అది ఎవరి వాక్యమో గుర్తొచ్చింది. నాదే. కంపెనీకి పాతికేళ్ళు నిండినప్పుడు, గుమాస్తాల్లో తెలుగు బాగా రాస్తాడని నా చేత ఒక చిన్న పుస్తకం రాయించారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని రోజులు, షావుకారు గారిని ఎంత పొగిడితే అంత మంచిదనుకున్నాను. ఈ కొత్తవాళ్ళు దాన్ని అక్షరం మార్చకుండా దించేశారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరెక్కడిది?

అక్కడితో అయితే బాగానే ఉండును. ఆ పుస్తకం అచ్చయి వచ్చిన రోజున, అక్షరం ముక్క రాని మా పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టుకుని చదివి వినిపించమంది. దివ్యస్పర్శ దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసి, ఆ వాక్యం దాటేశాను. అంతా విన్నాక, “నా ఊసేం రాయలేదా నాన్నా?” అంది, ఏ నిష్ఠూరమూ లేకుండా. నేను పేజీ వెనక్కి తిప్పి, అదే వాక్యాన్ని షావుకారు గారి బదులు ఆమె పేరు పెట్టి చదివేశాను. తడుముకోలేదు కూడా. ఆమె ఆ పుస్తకం అడిగి తీసుకుని ట్రంకుపెట్టెలో మంచి చీర మడతల మధ్య దాచుకుంది. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, ఇందులో నా గురించి రాశారని తీసి చూపించేది. నలిగిపోతుందని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. పోయేదాకా అలాగే చూపించింది.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక బాపులపాడులో టీచరుగా ఉన్న ఆమె మనవరాలికి, మా అన్నయ్య కూతురికి, ఫోన్ చేశాను. నా తప్పు మాట ఎత్తకుండా, మీ నాయనమ్మ పేరు ఎక్కడా లేదని కంపెనీ వాళ్ళను దులిపేశాను. 

“ఇందులో కూడా లేదా బాబాయ్?” అంది.

ఒళ్ళో తెరిచి ఉన్న పుస్తకం మూసేశాను.

“ఏడో తరగతిలో ఉన్నప్పుడు పెట్టె తీసి ఆ పుస్తకం చదివాను. నాయనమ్మతో మాత్రం చెప్పలేదు.”

మన రోజుల్లో ఇంటికి ఒక్కడు చదువుకుంటే, వాడు ఏం చదివితే పుస్తకంలో అదే ఉన్నట్టు. ఇప్పుడు మా వాళ్ళలో చదవడం రానివాళ్ళు లేరు, ఎవరూ ఎవరినీ అలా మోసం చేయలేరు. ఈ రాత్రే కంపెనీకి ఉత్తరం రాస్తాను, ఆ వాక్యం రాసినవాడిని నేనేనని, పేరు మార్చి వేయమని. వేస్తే వేయవచ్చు. కానీ నన్ను కూర్చోబెట్టుకుని చదివి వినిపించమనే మనిషి ఇప్పుడు లేదు.