ఎస్తేరు కొప్పులో పత్తిపువ్వు

బాలయ్య పటేలు ఎస్తేరు నోటికి దొరికిపోయిన రోజు నేను పక్క సాలులోనే ఉన్నాను. ధరూరు దగ్గర ఆయన సీడుపత్తి చేను. సీడుపత్తి అంటే తెలియనివాళ్ళకు ఒకసారి చెబుతాను, మళ్ళీ అడగొద్దు. రేపు విచ్చుకోబోయే మొగ్గను ఈ సాయంత్రమే గుర్తుపట్టి, దాని రేకులూ లోపలి పుప్పొడీ బొటనవేలి గోరుతో గిల్లి పారేసి, ఎర్రకాగితం తొడగాలి. పొద్దున మొగచెట్ల పూలు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగు అంటారు. ఏ మొగ్గయినా గోరు తప్పించుకుందా, తెల్లారి తనంతట తానే పూసి, తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఆ కాయ కలిసిందంటే విత్తనమంతా కల్తీ, కంపెనీవాళ్ళు చేను మొత్తం వద్దంటారు. అందుకే మా ముఠాలో ఒక రివాజు ఉంది. ఎవరి సాలులో విచ్చిన పువ్వు దొరికితే వాళ్ళు దాన్ని పొద్దుగూకేదాకా కొప్పులో పెట్టుకొని పనిచేయాలి. మగవాళ్ళయితే చెవి మీద.

ఆ రోజు బాలయ్య గట్టు మీద నిలబడి అరిచాడు.

“ఇగో, పువ్వు! ఏందే ఎస్తేరు, కండ్లు చేన్ల పెట్టినవా, ఫోన్ల పెట్టినవా?”

ఎస్తేరు నడుము నిటారు చేసి, తాపీగా చేతులు దులుపుకుంది.

“పటేలా, నా చెయ్యి పడ్డకాడ పువ్వు దొరికితే నా బొటనేలు కోసి నీ గుమ్మానికి కట్టుకో. అది నా సాలు కాదు.”

“మరెవ్వల్ది, మా తాతదా?”

“మీ తాతది కాదు, మీ ఇంటామెది. కూలోల్లకంటె నేనే మంచిగ గిల్లుత అని నిన్న మాపటికి దిగె గద నర్సమ్మ పెద్దమ్మ. అడుగు.”

బాలయ్య పెళ్ళాం వైపు తిరిగాడు. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకేం తెల్సయ్యా, అది ఆకు కింద దాసుకున్నది.”

ఎస్తేరు పువ్వు తెంపి ఆమె చేతిలో పెట్టింది. “రివాజు రివాజే, పెద్దమ్మా.” నర్సమ్మ మంచి మనిషి, నవ్వుకుంటూ కొప్పులో పెట్టుకుంది. బాలయ్యకు అప్పుడే మోటరు దగ్గర ఏదో పని గుర్తొచ్చింది. ముఠా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నేను ఊరికే నవ్వే మనిషిని కాను.

ఎస్తేరు మానవపాడు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చింది. నాకంటే చిన్నది, నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది, ఆ రెండూ నాకు నచ్చవు. కానీ చెయ్యి మాత్రం చెయ్యే. ఆకుల మధ్య దాక్కున్న మొగ్గ ఆమె వేళ్ళకు తనే వచ్చి తగులుతుందనిపించేది. ఎంతమంది కొత్త ఆడవాళ్ళకు నేర్పిందో లెక్క లేదు. ఇంకోటి, బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఆమె తలలో పువ్వు పెట్టలేదు. అందుకని మా రివాజు తన దాకా రానీయకూడదని ఆమెకు రెండింతల పంతం.

మొగుడు ప్రభుదాసు ముఠాకు మేస్త్రి. వయసులో పుణె దిక్కు కూలికి పోయి, ఇక చాలని తిరిగొచ్చి ఈ ముఠా కట్టాడు. చుట్టుపక్కల రైతులకు మనుషులు కావాలంటే ఫోను ఆయనకే వస్తుంది. తక్కువ మాటల మనిషి. పెళ్ళానికి జ్వరమొస్తే తానే జొన్నరొట్టెలు చేసి, మాడినవి తాను తిని, మంచివి ఆమెకు పెట్టేవాడు. ఇది నేను కళ్ళారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

కొన్నేళ్ళ కింద ఆయన నడుస్తూ నడుస్తూ ఆగి ఉన్న ఆటో అద్దానికి భుజం కొట్టుకున్నాడు. ఇద్దరూ కర్నూలు కంటి దవాఖానకు పోయొచ్చారు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుందట, పక్కలకు ఉన్నది కనిపించదట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలి అన్నారట. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. మాతో మాత్రం, “ఎండకు కండ్లు మండుతున్నయ్” అని తేల్చేశాడు. చూపు సరిగా లేని మేస్త్రిని ఏ రైతు పిలుస్తాడు?

క్రాసింగులో ఒక సాలుకు ఇద్దరు, ఆ దిక్కు ఒకరు, ఈ దిక్కు ఒకరు. మొగుడూపెళ్ళాలది ఎప్పుడూ ఒకటే సాలు. చూపు సంగతి తెలిసినా ఆయన సాలు వదల్లేదు. పైగా, “నా దిక్కు పువ్వు చూపియ్యి, మీసం తీపిచ్చుకుంట” అనేవాడు. నిజంగానే ఎన్నడూ దొరకలేదు. ఆ రోజుల నుంచే ఎస్తేరు షేర్ ఆటో కోసం ఆగకుండా, అందరికంటే ముందు నడిచి చేనికి పోవడం మొదలుపెట్టింది. అడిగితే ప్రార్థన చేసుకుంటానంది. పత్తిచేనులో ఏం ప్రార్థనో అనుకొని ఊరుకున్నాను.

పోయినేడు క్రాసింగు మధ్యలో వాళ్ళ బిడ్డ సుప్రియకు నొప్పులని గద్వాల నుంచి ఫోనొచ్చింది. సాయంత్రం మొగ్గలు గిల్లడం అయ్యీ కాకముందే ఎస్తేరు పరుగెత్తింది. మర్నాడు ఆమె తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. ఆ లోపలే బాలయ్యా, కంపెనీ తరఫున తనిఖీకి వచ్చిన మనిషీ ఎస్తేరు, ప్రభుదాసుల సాలులో నిలబడ్డారు. లేతపసుపు పూలు, ఒకటి కాదు, సాలు పొడుగునా.

“ఏంది ప్రభుదాసూ, ఇది?”

ప్రభుదాసు ఒక పువ్వు మీదికి వంగి, మొహం దగ్గరగా పెట్టి చూశాడు. “నాది కాదు పటేలా. నా చెయ్యి తప్పదు” అన్నాడు. ఆయన అబద్ధమాడలేదు. అట్లాగే నమ్మాడు.

అప్పుడే ఎస్తేరు ఆటో దిగి, చేతిసంచితోనే సాళ్ళకు అడ్డంపడి వచ్చింది. పూలను చూసింది. మొగుణ్ణి చూసింది.

“నాదే, పటేలా. బిడ్డ ఫోను రాంగనె ఆగమాగం గిల్లి పోయిన.”

“నీ చెయ్యా? బొటనేలు గుమ్మానికి కట్టుకోమంటివి గదనే!”

“కట్టుకో.”

ఇంకేదో అంటుందని అందరం ఎదురుచూశాం. ఆమె వంగి ఒక పువ్వు తెంపి కొప్పులో గుచ్చుకుంది. వాళ్ళ చర్చికే పోయే మణెమ్మ, “అయ్యో ఎస్తేరక్కా, పువ్వు!” అని నోరు నొక్కుకుంది.

ప్రభుదాసు పెళ్ళాం వైపు తిరిగాడు.

“రేపటి సంది నువ్వు గిల్లుడుకు రావొద్దు. నీళ్ళు మొయ్యి.”

“సాళ్ళల్ల అడుగు గూడ పెట్టొద్దు” అన్నాడు బాలయ్య.

పెళ్ళామని చూడలేదు, మేస్త్రి అంటే అట్లా ఉండాలని ముఠా మెచ్చుకుంది. ఆమె దగ్గర పని నేర్చినవాళ్ళే, “ఎంత నోరుండె, ఇప్పుడేమాయె” అని కిసకిసలాడారు. మాట ఆ పూటే పక్క చేలకు పాకింది. తప్పిన చెయ్యిని మా దిక్కు ఎవరూ మళ్ళీ క్రాసింగుకు పిలవరు.

సాయంత్రం ఎస్తేరు బోరు దగ్గర నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుంది. కొప్పులో పువ్వు వాడి, ఎర్రబడింది. బ్లేడుతో బొటనవేలి గోరు తీసేస్తోంది. ఏళ్ళ తరబడి పెంచిన గోరు.

“నువ్వు అబద్ధమాడినవ్” అన్నాను. “పువ్వులన్నీ ఆయన దిక్కే ఉన్నయ్. పక్క సాల్ల ఉన్నదాన్ని, నాకు కండ్లు లేవనుకున్నవా?”

“మెల్లగ, జమ్ములక్కా.”

“అంటే పొద్దుగాల్ల నీ ప్రార్థన...”

“ఆయన ఇడిసినయ్ తెంపుతుంటి. పొద్దెక్కక ముందె తెంపితె కాయ కట్టదు, ఎవ్వలకు నష్టం లేదు.”

“ఆయనకు తెల్వదా?”

“తెల్వదు. తెలిస్తే ఆ నిమిషమె ముఠా ఇడిసి పెడ్తడు. ఇంటి ముందట గోడకు ఆనుకొని కూసుంటడు. గట్ల ఆయన్ను నేను చూడలేను.”

“మరి నీ పేరు? రేపు ఎవ్వలు పిలుస్తరే నిన్ను?”

“నీళ్ళు మోసినా నేను ఎస్తేరునే గద.”

“పువ్వు పెట్టుకుంటివి, అబద్ధం చెప్తివి. మీ యేసయ్యకు ఏం చెప్తవ్?”

“అది మా ఇద్దరి ముచ్చట. నీకెందుకు?” అంది. అప్పుడు మళ్ళీ కాస్త పాత ఎస్తేరులా ఉంది. తెగిన గోరును మట్టిలోకి విసిరేసి నా వైపు జరిగింది.

“నువ్వు ఒకల ఎనక పోయి వాళ్ళు ఇడిసినయ్ ఏరే మనిషివి కావు, నాకు తెల్సు. ఇప్పుడు నన్ను సాళ్ళల్లకు రానియ్యరు. రేపటి సంది జర నువ్వు ముందుగాల నడిచి రా, అక్కా. ఆయన దిక్కు చూడు. కింది కొమ్మలు, పక్కలకు ఉన్నయ్, అవే ఇడుస్తడు. తెంపినయ్ ఒళ్ళ ఏస్కొని అవతల పారెయ్యి, గట్టు మీద మాత్రం ఏయకు. నడిచే తొవ్వల ఎదురుంగ ఉంటె ఆయనకు కనవడ్తయ్.”