మా మధ్యలోంచి దారి లేదు

ఎమిల్ హ్రబాక్ దుకాణానికి క్షవరం కోసం వచ్చేవాళ్ల కన్నా వాదన కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఉక్కు మిల్లు మూతపడ్డాక మారిస్ ఫెర్రీలో మగాళ్లు పోయి కూర్చోవడానికి చర్చీ, బారూ, ఈ దుకాణమూ తప్ప మరేం మిగల్లేదు. చర్చిలో నోరు విప్పకూడదు. బార్లో విప్పితే తన్నులాటకి దారి తీస్తుంది. అందుకని మా ఊరి మాటంతా వచ్చి ఎమిల్ కుర్చీ చుట్టూ పోగయ్యేది.

ఆ ఏడు ఆకులు రాలే కాలమంతా అక్కడ నలిగింది ఒక్కటే విషయం. మాది బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఫుట్‌బాల్. మా హైస్కూలు జట్టు ఎదుటివాళ్ల పరుగుని నిజంగా ఆపగలదా, లేక ఆపుతున్నట్టు కనిపిస్తోందా?

"ఈ ఏడాది బంతి చంకన పెట్టుకుని మన మధ్యలోంచి దూసుకుపోయినవాడు ఒక్కడంటే ఒక్కణ్ణి చూపించు," అనేవాడు ఎమిల్, కత్తెర గాల్లో ఆడిస్తూ. "ఈ లోయ మొత్తం మీద పరుగుని ఇంత గట్టిగా కట్టడి చేసిన జట్టు ఇంకోటుందా? పేపర్లో లెక్కలు చూడు."

స్టాష్ వోజిక్ ఆ లెక్కలకి లొంగే మనిషి కాడు. ఎమిల్‌తో కలిసి అదే బడికి ఆడినవాడు, మిల్లులో క్రేను నడిపినవాడు. నెత్తిన పట్టుమని పిడికెడు వెంట్రుకలు లేకపోయినా వారం వారం వచ్చి కుర్చీ ఎక్కేవాడు.

"వాళ్లకి పరుగెత్తాల్సిన ఖర్మేంటయ్యా? బంతిని మన పిల్లల నెత్తి మీదుగా విసిరితే అవతల ఇంకోడు పట్టుకుని చక్కా పోతున్నాడు. మన పెరటికి గోడే లేదు. దొంగలంతా అటునుంచే వస్తుంటే, వీధి తలుపు గట్టిదో పుచ్చిందో నీకెలా తెలిసింది?"

"మరి వీధి తలుపు ఒక్కడూ తోయలేదంటే భయపడే కదా?"

"కాకి పిల్ల కాకికి ముద్దు," అనేవాడు స్టాష్. అందరూ ఘొల్లుమనేవాళ్లు. ఎమిల్ చెవులు ఎర్రబడేవి.

ఆ కాకిపిల్ల పేరు కర్ట్. మా జట్టు కోచ్. ఎమిల్ తమ్ముడు.

తమ్ముడన్నది పేరుకే. మిల్లులో బొగ్గు కాల్చే కోక్ బట్టీ దగ్గర తండ్రి పోయినప్పుడు ఎమిల్‌కి మీసాలు వస్తున్నాయి, కర్ట్ ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడు. అప్పటికి ఎమిల్ మా బడి జట్టులో సరిగ్గా నడిమధ్య నిలబడేవాడు. ఎదుటివాళ్లు బంతి పట్టుకుని వచ్చి గోడకి గుద్దుకున్నట్టు గుద్దుకునేవాళ్లు. "మా కాలేజీలో ఆడు, చదువు మేం చెప్పిస్తాం" అని ఒహాయోలో ఒక కాలేజీ నుంచి మనిషి కూడా వచ్చాడు. తల్లి ఒడిలో పిల్లాడు, ఎదురుగా ఆ మనిషి. ఎమిల్ అతనికి కాఫీ ఇచ్చి పంపించేశాడు. తండ్రి చేసిన మిల్లులోనే చేరాడు. నాలుగేళ్లు తిరక్కుండానే మిల్లూ పోయింది. అప్పుడు మేనమామ దగ్గర కత్తెర పట్టుకోవడం నేర్చుకున్నాడు.

లూసిల్ అని ఒక పిల్ల ఉండేది. "నన్ను చేసుకుంటావా, మీ తమ్ముణ్ణే పెంచుకుంటూ కూర్చుంటావా?" అని ఒకరోజు నిలదీసింది. ఎమిల్ జవాబు చెప్పడానికి ఆలోచించాడు. అలా ఆలోచించడమే జవాబు అనుకుని ఆవిడ క్లీవ్‌లాండ్ అతన్ని చేసుకుంది. ఎమిల్ మరి పెళ్లి ఊసెత్తలేదు. సాయంత్రాలు ఇంటి వెనక బురదలో ఆ పిల్లాణ్ణి ఎదురుగా నిలబెట్టి, "వంగు, ఇంకా వంగు. కిందకి వంగినవాడిదే గెలుపు," అని నేర్పించాడు. వాడు ఆడాడు, చదివాడు, అదే బడికి వ్యాయామం మాస్టారై, కోచ్ కూడా అయ్యాడు. ఎమిల్ బతుకులో పండిన పంట అదొక్కటే. దాన్ని ఎవరేమన్నా ఊరుకునేవాడు కాదు, ఎందుకు ఊరుకుంటాడు?

పైగా ఆ ఏడు ఆ పంటకే ఎసరొచ్చింది. ఊళ్లో కాపురాలు తరిగాయి, బడిలో పిల్లలు తరిగారు. వచ్చే ఏడాది నుంచి మా బడినీ నదికి అవతలున్న హార్లన్‌డేల్ బడినీ కలిపేస్తామని తేల్చారు. రెండు జట్లు ఒకటైతే కోచ్ ఒక్కడే, వ్యాయామం మాస్టారూ ఒక్కడే. ఇటు కర్ట్, అటు వాళ్ల కోచ్. ఎవర్ని ఉంచుతామో బడి బోర్డు పెద్దలు నోటితో చెప్పలేదు గానీ, ఆఖరి ఆట ఆ రెండు జట్లకే పడింది కాబట్టి చెప్పాల్సిన పనీ లేదు. కర్ట్ గురించి అనుకూలంగా ఎవరైనా ఏమైనా అంటే, పరుగుని బాగా ఆపిస్తాడు అని మాత్రమే అనేవాళ్లు. అందుకే ఆ దుకాణంలో వాదన ఆట గురించి కాదు. కర్ట్ ఈ ఊళ్లో ఉంటాడా, పెళ్లాం పిల్లల్ని తీసుకుని దక్షిణాన పెళ్లాం అక్కగారి ఊరు పోతాడా అన్నదాని గురించి.

హార్లన్‌డేల్‌తో ఆట పడిన వారం మెయిన్ స్ట్రీట్‌లో ప్రతి దుకాణం అద్దం మీదా బూట్లకి వేసే తెల్ల పాలిష్‌తో రాతలు రాయడం మాకు ఆనవాయితీ. మామూలుగా బడి ఆడపిల్లలు వచ్చి పువ్వులూ, 'గెలవండి' అనీ రాసి పోతారు. ఈసారి ఎమిల్ వాళ్లని రానివ్వలేదు. సోమవారం పొద్దున్నే నిచ్చెనేసుకుని, అద్దం ఈ చివరనుంచి ఆ చివరకి తనే రాశాడు: మా మధ్యలోంచి దారి లేదు.

స్టాష్ వీధిలో నిలబడి చదివాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇది ఎవరి కోసం రాశావు?"

"హార్లన్‌డేల్ వాళ్ల కోసం. చదువుకుని వణకనీ."

"ఎమిల్, నిద్రపోయే గాడిదని లేపి తన్నించుకోవడమంటే ఇదే. వాళ్లు ఏడాదంతా బంతి విసిరే గెలిచారు. విసరనీవయ్యా, మన పాపాన మనం పోతాం. పరుగెత్తు, పరుగెత్తు అని బొట్టు పెట్టి పిలుస్తావెందుకు?"

"నువ్వు మావాడి వైపా, వాళ్ల వైపా?"

స్టాష్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ వారం వాదనకి కూడా రాలేదు.

ఆటకి ముందురోజు అన్న చేత జుట్టు కత్తిరించుకోవడం కర్ట్‌కి చిన్నప్పటి అలవాటు. గురువారం బడి వదిలాక వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయి అద్దం వంక చూశాడు. ఆ నాలుగు రోజులూ వేరే దారిన ఇంటికి పోయాడు కాబోలు, అప్పుడే చూడటం. లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నా, ఇది నువ్వు రాసిందా? వాళ్ల పిల్లలు ఫోన్లలో పంపించుకుంటున్న ఫోటో మన దుకాణానిదా?"

"ఫోటోనా?" ఎమిల్ మొహం వెలిగింది. "అంటే చూశారన్నమాట!"

"చూడటం కాదు. పెద్దది చేయించి, వాళ్ల కోచ్ బట్టలు మార్చుకునే గదిలో గోడకి అంటించాడట. చర్చి దగ్గర పిరోగీ కుడుములు కొనడానికొచ్చిన వాళ్ల ఊరావిడెవరో తీసిందట."

"అంటించుకోనీ. మన కట్టడి ముందు..."

"మనకి కట్టడి లేదు, అన్నా."

ఎమిల్ నవ్వబోయాడు. అద్దంలో తమ్ముడి కళ్లు చూసి ఆపేశాడు.

"మధ్యలో నిలబడే పిల్లాడి నాన్నకి సెప్టెంబరులో వేరే ఊళ్లో పని దొరికింది. వాళ్లు పోయారు. ఇప్పుడు అక్కడ నిలబెట్టింది గేబ్‌ని. గాలొస్తే ఎగిరిపోతాడు వాడు. మన వెనక వరస ఇంకా అధ్వాన్నం కాబట్టి అందరూ దాన్నే కొట్టారు. ముందుకి ఎవడూ రాలేదు. అదీ నీ పేపర్లో లెక్కల రహస్యం. హార్లన్‌డేల్ వాళ్లూ విసురుతారనే నమ్మకంతో ముందునుంచి ఒకణ్ణి తీసి వెనక్కి పంపించాను. మూడు వారాల నుంచి అదే నేర్పిస్తున్నాను. వాళ్లు పరుగే ఎత్తుకుంటే ఇక చేసేదేం లేదు."

"మరి స్టాష్ చెప్పేది..."

"స్టాష్ చెప్పేది ప్రతి ముక్కా నిజం."

"నాకెందుకు చెప్పలేదురా? రోజూ ఇక్కడ గొంతు చించుకుంటున్నాను కదా!"

కర్ట్ మెడ చుట్టూ కట్టిన గుడ్డ సర్దుకున్నాడు. "ఊళ్లో నన్ను నమ్మేవాడివి నువ్వొక్కడివే ఉన్నావు. నీకూ చెప్పేస్తే ఇంక ఎవరుంటారని చెప్పలేదు."

ఎమిల్ బకెట్టు పట్టుకుని బయటికి పరుగెత్తాడు. అద్దమంతా నీళ్లు కొట్టి, గుడ్డ అరిగేదాకా తోమాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే మరి. ఊరంతా చూస్తుండగా తోమాడు.

శుక్రవారం సాయంత్రం మైదానంలో నిలబడటానికి చోటు లేదు. మా బడి ఆడే ఆఖరి ఆట అని ఎప్పుడో ఊరొదిలిపోయినవాళ్లు కూడా వచ్చారు. బోర్డు పెద్దలు దుప్పట్లు కప్పుకుని మధ్య వరసలో కూర్చున్నారు. ఎమిల్ పక్కన స్టాష్ వచ్చి కూర్చున్నాడు.

హార్లన్‌డేల్ వాళ్లు మొదటి ఎత్తే మధ్యలోంచి పరుగెత్తారు. గేబ్ వెల్లకిలా పడ్డాడు. బంతి పట్టుకున్నవాడు వాడి పక్కనుంచి, సందులోంచి పెళ్లికెళ్తున్నట్టు దర్జాగా పోయాడు. అవతలి జనం లేచి నిలబడి ఒక్క గొంతుతో అరిచారు: "దారి ఉంది!"

రెండో ఎత్తూ అదే. మూడోదీ అదే. ఏడాదంతా బంతి విసిరి గెలిచిన జట్టు, ఆ పూట విసరడమే మర్చిపోయినట్టు, మధ్యలోంచే, మధ్యలోంచే తొక్కుకుంటూ పోయింది. పోయిన ప్రతిసారీ "దారి ఉంది!" అని అరుపు. చివరికి కర్ట్ వెనకున్నవాణ్ణి ముందుకి లాగితే అప్పుడు ఒక్కసారి విసిరారు. ఆ చివర పట్టుకున్నవాడి దరిదాపుల్లో మావాడెవడూ లేడు. తరవాత మళ్లీ పరుగే.

ఎమిల్‌కి తమ్ముడి వంక చూసే ధైర్యం లేక గేబ్‌నే చూస్తూ కూర్చున్నాడు. పిల్లాడు పడతాడు, లేస్తాడు, గడ్డీ మట్టీ ఉమ్మి మళ్లీ అక్కడే వంగుతాడు. మహా చక్కగా వంగుతున్నాడు. వాడికి కర్ట్ నేర్పింది, కర్ట్‌కి తను నేర్పింది. కిందకి వంగినవాడిదే గెలుపన్నది ఉత్త అబద్ధమని ఎమిల్‌కి అరవై దాటాక అక్కడ తెలిసింది. బరువున్నవాడిదే గెలుపు. ఆ మాట తెలియకే తన బతుకూ వాడి బతుకూ ఇలా వంచాడా అనిపించింది.

ఆట ముగిశాక బోర్డు పెద్దాయన కిందకి దిగి కర్ట్‌తో చెయ్యి కలిపాడు. ఏదో అన్నాడు గానీ మొహం చూడకుండా అన్నాడు. తరవాత మైదానం దాటి హార్లన్‌డేల్ కోచ్ దగ్గరికి పోయి చాలాసేపు భుజం మీద చెయ్యేసి మాట్లాడాడు.

ఎమిల్ కంచె దగ్గర తమ్ముడి కోసం నిలబడ్డాడు. కర్ట్ వచ్చాడు, జుట్టంతా చెమట.

"నా వల్లే," అన్నాడు ఎమిల్. "నా నోటి వల్లే పోయింది. తిట్టరా."

"రాయకపోయినా పరుగెత్తేవాళ్లేమోలే. పడుకో పో, అన్నా."

"పరుగెత్తేవాళ్లేమో అంటున్నావు. పరుగెత్తేవాళ్లే అని ఎందుకనవు?"

కర్ట్ ఒకసారి అతని వంక చూశాడు. అబద్ధం చెప్పడం ఆ అన్న పెంపకంలో రాలేదు. "పిల్లలు లోపల గదిలో ఎదురు చూస్తున్నారు," అని వెళ్లిపోయాడు.

ఓడిన మర్నాడు శనివారం దుకాణంలో కాలు పెట్టడానికి చోటుండదు. తిట్టుకోవడానికి, ఎత్తులన్నీ మళ్లీ ఆడుకోవడానికి అందరూ వస్తారు. ఆ శనివారమూ వచ్చారు. వచ్చి, గోడవారన కుర్చీల్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కర్ట్ భార్య పొద్దున్నే కిరాణా కొట్టుకి పోయి ఖాళీ అట్టపెట్టెలు అడిగిందన్న సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

స్టాష్ కుర్చీ ఎక్కాడు. ఎమిల్ మెడకి గుడ్డ కట్టి కత్తెర తీశాడు. ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురు చూశాడు. ఏడాది పొడుగునా చెప్పిన మాట నిజమైనప్పుడు మనిషన్నవాడు ఊరుకుంటాడా? ఎంత మాటన్నా పడటానికి రాత్రంతా సిద్ధమై ఉన్నాడు ఎమిల్. ఒక రకంగా దానికోసమే దుకాణం తెరిచాడు.

స్టాష్ గొంతు సవరించుకున్నాడు.

"నువ్వన్నదే నిజం, ఎమిల్. మన కట్టడి మంచిదే. నిన్న వాళ్లకి కలిసొచ్చింది, అంతే."

కత్తెర ఆగింది.

"అలా అనకు," అన్నాడు ఎమిల్.

"ఏడాదంతా నేనే తొండి వాదన చేశాను. మీ తమ్ముడు బాగా నేర్పించాడు. లెక్కలు చూస్తే తెలియడంలా?"

"స్టాష్, నీకు దణ్ణం పెడతాను. నాతో వాదించు. కాదను. ఒక్క మాట కాదను."

స్టాష్ ఒళ్లోని చేతుల వంక చూసుకున్నాడు. గోడవారన ఒకరు, "మంచి కట్టడే," అన్నారు. ఇంకొకరు, "అవునవును, మంచిదే," అన్నారు. శవాన్ని చూడ్డానికొచ్చి, పోయినాయన చాలా మంచివాడమ్మా అని చెప్పే గొంతులవి. ఎమిల్ తన తండ్రి శవపెట్టె పక్కన నిలబడి విన్నవి సరిగ్గా అవే.

అతను కత్తెర బల్ల మీద పెట్టి వెనక గదిలోకి పోయాడు. పంపు తిప్పి, నీళ్ల చప్పుడు మాటున ఏడ్చాడు. నీళ్లు చాలాసేపు పోతూనే ఉన్నాయి. ఇవతల స్టాష్ సగం క్షవరమైన తలతో కుర్చీలో అలాగే కూర్చున్నాడు. ఎవరూ లేవలేదు.