తెల్లకారు మీద బాపు చెయ్యి

మా చిన్నప్పుడు... నాకొక కారుండేది. మా బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో వాడి పారేసిన ఇనుప తట్ట అది. అందులో కూర్చుని, అన్నం తినే పళ్లెం స్టీరింగులా పట్టుకుని, నోటితో హారన్ కొడుతూ గోదావరిఖని అంతా తిరిగొచ్చేదాన్ని. తట్ట మాత్రం మా క్వార్టర్ ముందే ఉండేది...

డెబ్బైల నాటి మాట. బాపుది బాయి లోపల బొగ్గు నింపే పని... పారతో ఎత్తడం, తట్టతో మోయడం. మా రోడ్లమీద లారీలు, ఆఫీసర్ల జీపులు తప్ప కారు కనిపించడం అరుదు. కనిపించిందా, దాని వెనక దుమ్ములో నా పరుగే పరుగు. "ఆడపిల్లకు గీ కార్ల పిచ్చేందే!" అని మా అవ్వ, అంటే అమ్మ, నెత్తి కొట్టుకునేది.

ఒకసారి ఎవరో పెద్దసార్లు విదేశీ కారులో వచ్చి గెస్ట్‌హౌస్‌లో దిగారని క్వార్టర్లన్నీ గుప్పుమన్నాయి. పడవంత పొడుగట... పాలంత తెలుపట... ఆ మాట విన్నాక నాకు అన్నం ముద్ద దిగలేదు. బాపు నన్ను చూసి, చేయి కడుక్కుని, సైకిల్ తీశాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. కారు మీద గుడ్డ కప్పి ఉంది. "సార్లు పండుకున్నరు, పోండ్రి. రేపు పగటీలి బువ్వ తిన్నంక వాపస్ పోతరు" అన్నాడు.

రేపు బాపుది మొదటి షిఫ్టు. సరిగ్గా ఆయన డ్యూటీ దిగే వేళకే కారు వెళ్లిపోతుందన్నమాట. ఇంటికి రాగానే అవ్వ ముందే చెప్పింది... "కారు కోసమని డ్యూటీకి నాగా పెట్టకు మల్ల!"

"నాగా పెట్ట... కారును ఇడిచిపెట్ట. బిడ్డను తీస్కొని బాయి గేటు కాడికి రా. నా బిడ్డ సూడాలె, అంతే" అన్నాడు బాపు. ఆయన 'అంతే' అంటే ఇంక అంతే.

మర్నాడు నాకు దసరా గౌను వేసి, దారంతా గొణుక్కుంటూనే అవ్వ నన్ను తీసుకెళ్లింది. సైరన్ మోగింది. పైకొచ్చే మనుషులంతా ఒకే నలుపు... అందులో మా బాపు ఎవరో నవ్వేదాకా నాకు తెలియలేదు. నెత్తి మీది దీపం అప్పజెప్పి తిన్నగా మా దగ్గరికే వచ్చాడు.

"తానమన్న చెయ్యవా? గా మొఖంతోని పోతవా?" అంది అవ్వ.

"నేను తానం చేసేటాళ్లకు కారు పెద్దపల్లి దాటుతది" అని నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద ఎక్కించుకున్నాడు. ఆ రోజు తొక్కినట్టు ఆయన మళ్లీ ఎప్పుడూ సైకిల్ తొక్కలేదు...

గెస్ట్‌హౌస్ గేటు తీసే ఉంది. కారు బయట నిలబడి ఉంది... అమ్మో, ఆ తెలుపు! కళ్లు మూసుకున్నా కనిపించేంత తెలుపు. డ్రైవర్ తుడుస్తున్నాడు. "అన్నా, మా బిడ్డకు కార్లంటే పానం. ఒక్కపారి సూసి పోతం" అన్నాడు బాపు. "దూరం నుంచి సూడుండ్రి" అని డ్రైవర్ అటువైపు తుడవడానికి వెళ్లాడు.

నాకు స్టీరింగ్ కనిపించలేదు. ఎగిరాను... ఊహూ. బాపు నన్ను నడుం పట్టి ఎత్తాడు. "బాపూ, స్టీరింగ్ గుడ తెల్లగనే ఉన్నది!" అని నేను అరిచేసరికి, "ఏదీ..." అని ఆయనా వంగి, ఆనుకోవడానికి తలుపు మీద చెయ్యి పెట్టాడు.

అయిదు వేళ్లూ పడ్డాయి. నల్లగా... అరచేతిలో గీతలతో సహా.

కంగారులో బాపు భుజం మీది తువ్వాలతో గబగబా తుడిచాడు. షిఫ్టంతా మొఖం తుడుచుకున్న తువ్వాల అది! అయిదు వేళ్ల మచ్చ కాస్తా తలుపంతా అయింది. డ్రైవర్ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. నేను ఏడుపు అందుకున్నాను.

బాపు మాత్రం కదల్లేదు. "తప్పయింది అన్నా. కారంత నేనే కడుగుత. కని... కడిగినంక నా బిడ్డ స్టీరింగ్ పట్టాలె."

డ్రైవర్ నోరు తెరిచాడు. "తప్పు నువ్వే చేసి, షరతు గుడ నువ్వే పెడ్తున్నవా!"

"మల్ల గిసొంటి కారు గీడికి ఎప్పుడస్తది అన్నా?"

డ్రైవర్‌కి నవ్వాగలేదు. "సార్లు తింటున్నరు. జల్ది కానీ" అన్నాడు. బాపు నల్లా తిప్పి మోచేతులదాకా ఇసుకతో రుద్దుకుని, డ్రైవర్ ఇచ్చిన మంచి గుడ్డతో కారంతా కడిగాడు. ఎండకు ఆ కారు మెరిసిన మెరుపు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

నేను స్టీరింగ్ పట్టాను. హారన్ కూడా కొట్టాను... ఈసారి నోటితో కాదు! "బాపూ, నువ్వు గుడ రా!" అని పిలిచాను. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "వద్దు బిడ్డా, నా బట్టలకు బొగ్గున్నది."

గౌను మీద నడుం దగ్గర పడిన ఆయన చేతి మచ్చలు అవ్వ ఎంత ఉతికినా పోలేదు. అదే గౌను పొట్టయ్యేదాకా తొడుక్కున్నాను.

చాలా ఏళ్లకు నేను ఉద్యోగం చేసి కారు కొన్నాను. నేనే నడుపుకుంటూ ఇంటికెళ్లాను. బాపు అప్పటికి బాయి దిగడం మానేసి ఎంతకాలమో... అయినా "ఎక్కు బాపూ" అంటే నేరుగా నల్లా దగ్గరికి వెళ్లి మోచేతులదాకా కడుక్కొచ్చాడు. సీటు మీద తన తెల్ల తువ్వాల పరిచి, దాని మీద కూర్చున్నాడు. నాకు కాసేపు రోడ్డు కనిపించలేదు.

ఇప్పుడు మా సందుల్లో కార్లు ఆపడానికి చోటే దొరకదు. పిల్లలు లోకంలోని కార్లన్నీ ఫోన్లోనే చూసేస్తున్నారు. ఆగిన నా కారులోకి ఎవరైనా పాప ఇంకా తొంగి చూస్తే మాత్రం తలుపు తీసేస్తాను... అద్దం మీద మరకలు పడితే పడనీ. బాపు ఉంటే ఆ పాపని ఎత్తి చూపించేవాడు.

అందనిది చూడాలని మీరు ఎగిరిన రోజు... వెనక నుంచి మిమ్మల్ని ఎత్తింది ఎవరు?