ఏటిగట్టు దాకా వచ్చిన డాక్టరు

మా లంకలోని ముసలివాళ్ళ కోసం సర్కారు పంపిన డాక్టరు మాలో ఒక్కరి నాడి కూడా పట్టుకోలేదు. రాలేదా అంటే, నెల తప్పకుండా వచ్చాడు. వచ్చింది ఏటికి అవతలి గట్టుకి. మేముండేది ఇవతల.

సెల్‌ఫోన్లు కొత్తగా దిగిన రోజులు. రాష్ట్రంలో వృద్ధులకు సేవలంటూ హైదరాబాదులో కూర్చుని ప్రణాళిక వేశారు. మందుల వ్యాను ఊరూరా తిరగాలి. మ్యాపులో మా ఊరికీ రోడ్డుకీ దూరం అర కిలోమీటరు. అబద్ధం కాదు. ఆ అర కిలోమీటరూ గోదావరి పాయేనని గీసినవాడికి తట్టలేదు, అంతే. వ్యాను పదింటికి వచ్చి పన్నెండింటికి వెళ్ళిపోవాలని వాళ్ళ రూలు. నిండితే గానీ పడవ కదలదన్నది మా రేవులో అంతకంటే పాత రూలు.

మా అక్కకి చక్కెర జబ్బు. ఆ ఏడాది కాలి బొటనవేలి మీద పుండు లేచింది. పసుపు రాసింది, వేపాకు కట్టింది, మానలేదు. ఇసుకలో రేవు దాకా నడవలేకపోయేది. డాక్టరొచ్చి ఆ వేలు చూడాలి. నాకు కావలసింది అంతే.

నేను చదివింది ఐదో తరగతి. మిగతాది పంచాయతీ లైబ్రరీలో పేపర్లు చదివి నేర్చుకున్నాను. అర్జీ రాయడంలో మాత్రం డిగ్రీవాళ్ళకు తీసిపోను. వచ్చే ఏటి ప్రణాళికకు వృద్ధుల సలహాలు తీసుకుంటారని మండలాఫీసులో మీటింగు పెడితే, అర్జీ జేబులో పెట్టుకుని వెళ్ళాను.

"డాక్టరు గారిని పడవెక్కించండి బాబూ, చాలు" అన్నాను.

"వైద్యం వ్యానులోనే చెయ్యాలని ఆర్డరండి" అన్నాడు ఆఫీసరు. "వ్యాను పడవెక్కదు కదండీ."

"వ్యానుకేం జబ్బండీ, అది రాకపోతే ఏం? డాక్టరు గారికి కాళ్ళున్నాయా లేవా?"

అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వి, అర్జీ తీసుకుని, నాకో ఉపాయం చెప్పాడు.

"ఆవిణ్ణి మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకొచ్చెయ్యండి తాతగారూ."

ఇంటికొచ్చి ఆ ఉపాయం అక్క చెవిన వేశాను.

"నలుగురి భుజాలెక్కడం ఒక్కసారేరా" అంది. "దానికింకా టైముంది. అంత సరదాగా ఉంటే నువ్వు నిప్పుకుండ పట్టుకుని ముందు నడువు, నేనొస్తాను."

చివరికి ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి, పక్కింటి వాళ్ళిద్దరి చేత మోయించాను. ఊరేగింపుకొచ్చిన అమ్మవారిలా దర్జాగా కూర్చుంది. పదింటికల్లా రేవులో ఉన్నాం. పడవ సగమే నిండింది.

"పాలకేన్లు రావాలి బాబాయ్, అయిదే నిమిషాలు" అన్నాడు పడవవాడు.

"పాలు విరిగితే ఇంకో గేదె ఉంది. మా అక్కకి ఇంకో వేలు మొలుస్తుందంట్రా?" అని అరిచాను. వాడు బీడీ వెలిగించుకున్నాడు.

కేన్లు వచ్చేసరికి పదకొండున్నర దాటింది. పాయ మధ్యలో ఉండగా గట్టు మీద వ్యాను హారను కొట్టి వెనక్కి తిరిగింది. నేను తువ్వాలు ఊపుతూ కేకలు వేస్తుంటే అక్క నా పంచె లాగింది.

"వెళ్ళొస్తానంటున్నాడు పాపం. నువ్వూ టాటా చెప్పు."

రాజమండ్రి పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. "నెల ముందొస్తే వేలు దక్కేదండి" అన్నాడక్కడి డాక్టరు. వేలు తీసేశారు. అక్క ఏడవలేదు. గట్టెక్కేటప్పుడు చెప్పు నిలవడం లేదని మాత్రం విసుక్కుంది.

ఆ సంగతంతా పూసగుచ్చినట్టు రాసి మరో అర్జీ పంపాను. బదులు లేదు. గుర్తు చేస్తూ ఇంకోటి, దాన్ని గుర్తు చేస్తూ మరోటి రాశాను. ఏడాది తిరిగాక గోధుమరంగు కవరొచ్చింది. ఎదురుగా అక్క కాలు చాపుకుని కూర్చుంటే పైకి చదివాను:

"మీ అర్జీ పరిశీలించడమైనది. రిజిస్టరు ప్రకారం మీ గ్రామం నుండి వృద్ధులెవరూ వ్యాను వద్దకు హాజరు కాలేదు. కావున మీ గ్రామంలో వైద్యం అవసరమున్న వృద్ధులు లేరని నిర్ధారించి, వచ్చే ఏటి ప్రణాళిక నుండి మీ గ్రామాన్ని తొలగించడమైనది. గ్రామస్థుల చక్కని ఆరోగ్యానికి మా అభినందనలు."