మూడింటిలో నడిమి రివాల్వర్

నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్ళలో అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు మా బాబాయి. అందరికంటే తక్కువ తెలిసినవాడు కూడా ఆయనే. నాన్నకు సొంత తమ్ముడు. కెనడాలో, టొరంటో పక్కన ఎటోబికోలో ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా పనిచేసేవాడు. శనివారం మధ్యాహ్నం మిస్సిసాగాలోని మా ఇంటికి వచ్చి సోఫా మధ్యలో కూర్చున్నాడంటే సాయంత్రం దాకా మరొకరి గొంతు వినిపించేది కాదు. మంచులో కారు ఎలా నడపాలో ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు చెప్పేవాడు. ఆ చలికాలంలోనే ఆయన కారును రెండుసార్లు రోడ్డు పక్క గుంటలోంచి లాగించాల్సి వచ్చింది. పప్పులో తాలింపు ఎప్పుడు వేయాలో మా అమ్మకు చెప్పేవాడు. నాకు పన్నెండేళ్ళు. అప్పటికే ఆయనంటే నాకు చులకన. కాకపోతే దాన్ని మొహంలో కనపడనిచ్చేదాన్ని కాదు, తమ్ముణ్ణి ఎవరైనా ఒక మాట అంటే నాన్నకు పడేది కాదు కనుక.

మా పక్కింట్లో ఒక నర్సు ఆంటీ ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. భర్త పోయాక కూడా ఆ ఇల్లు వదలకుండా ఒక్కరే ఉండేవారు. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ పిన్నులు పెట్టి బిగించిన ముడితో ఉండే ఆవిడ ఆదివారాలు రివాల్వర్‌తో గురి చూసి కాల్చే పోటీలకు వెళ్తారని మా వీధిలో చాలామందికి తెలియదు. ఆవిడ చెప్పుకునేవారు కాదు. గెలిచిన కప్పులు నాలుగైదు ఉండేవి. వాటిలో ఒకదాన్ని వంటింట్లో స్పూన్లు వేసుకోవడానికి వాడేవారు. ఆ కప్పు సంగతి అడిగితేనే నాకు ఈ విషయం తెలిసింది. నాకూ నేర్పమని ఏడాది పాటు వెంటపడ్డాను. "చూద్దాంలే" అనడమే తప్ప ఆవిడ ఒప్పుకోలేదు.

ఒక శనివారం అమ్మ నోరుజారి ఆంటీ పోటీల సంగతి బాబాయి ముందు చెప్పింది. అంతే, ఆ సాయంత్రానికల్లా ఆయన తుపాకుల నిపుణుడైపోయాడు. ఒక నర్సు చేయగలిగిన పని తనకొక లెక్కా అన్నది ఆయన ధోరణి. ఆవిడ కాల్చే క్లబ్‌లో చేరాలంటే పాత సభ్యులెవరైనా పూచీపడి సంతకం చేయాలి. ఆ కాగితం పట్టుకుని మరుసటి వారమే ఆవిడ గుమ్మం ఎక్కాడు. ఆవిడ సంతకం చేయలేదు, కాదనీ అనలేదు. ఆదివారం పొద్దున క్లబ్‌వాళ్ళు గురి సాధన చేసే రేంజ్‌కి రమ్మన్నారు. నాన్న తోడుగా బయలుదేరాడు. నన్నూ తీసుకురమ్మని ఆవిడే చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. బాబాయి ఎలాగూ నవ్వులపాలవుతాడని, నాకు నేర్పడం ఖాయమవుతుందని అనుకున్నాను.

ఎయిర్‌పోర్టు దగ్గర గోదాముల వెనక, కిటికీలు లేని పొడవాటి హాలు అది. ఆ పొద్దున మేం నలుగురమే ఉన్నాం. ఆంటీ పెట్టె తాళం తీసి కొత్తవాళ్ళకోసం క్లబ్ ఉంచిన మూడు రివాల్వర్లను బల్లమీద పెట్టారు. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌ను ఒక్కొక్కదానిలోంచి పక్కకు తెరిచి, ఖాళీగా ఉన్నదని మాకు చూపించారు. ఒకటి అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది. ఒకటి జానెడు గొట్టంతో నల్లగా మెరిసే పెద్దది. మూడోది ఈ రెండింటికీ మధ్య, నాలుగంగుళాల గొట్టంతో, రంగు వెలిసి ఏ ఆకర్షణా లేకుండా ఉంది.

"మీరైతే నేర్చుకోవడానికి ఏది తీసుకుంటారు తమ్ముడూ?" అని అడిగారు.

బాబాయికి ఆలోచన అక్కర్లేకపోయింది. "మగాడి చేతికి ఇదే కదా సిస్టర్" అంటూ పెద్దదాన్ని ఎత్తాడు. చిన్నదాన్ని నావైపు జరిపి, "దీనికి ఇది సరిపోద్ది. ఆడపిల్ల చేయి" అన్నాడు. రెండు తప్పులూ ఒక్క గుక్కలో చేశాడని నాకు అప్పుడు తెలియదు. ఆంటీకి తెలుసు. ఆవిడ పెదవి ఒక పక్కకు కొంచెం వంగింది.

"చిన్నది జేబులో పెట్టుకోవడానికి చేసింది. బరువుండదు కాబట్టి చేతిని బాగా తంతుంది. గొట్టం పొట్టిది, గురిలో చిన్న తేడా వచ్చినా కంటికి తెలియదు. బాగా వచ్చినవాళ్ళకే అది కష్టం. మీ చేతిలోది నలుగురికీ చూపించుకోవడానికి బాగుంటుంది" అన్నారు. తర్వాత మధ్యదాన్ని నా చేతిలో పెట్టి, పిడి వెనక నా బొటనవేలి సందు ఎక్కడ ఆనుతోందో, మణికట్టు తిప్పకుండా చూపుడువేలి కొస ట్రిగ్గర్‌ను అందుకుంటోందో లేదో చూశారు. "తన్నుడును మింగేంత బరువుంది. గంటసేపు పట్టుకుంటే చేయి లాగేంత బరువు లేదు. మందు తక్కువ కూరిన మెత్తటి తూటాలు వేసుకోవచ్చు. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?"

బాబాయి ఆ మాటలు విన్నాడో లేదో. ఆయన అప్పటికే గోడ అద్దంలో తన నీడ చూసుకుంటున్నాడు.

చెవులకు మూతలు పెట్టుకున్నాం. ఆంటీ పక్కన నిలబడి చెప్తుంటే బాబాయి కాల్చాడు, ఆరు తూటాలు. హాలంతా అదిరింది. ఎదురుగా వేలాడదీసిన గుండ్రటి గీతల గురి కాగితం మీద మాత్రం అడుగున ఒకే ఒక చిల్లు పడింది. అది కూడా గీతల బయట. కాగితం దూరంగా పెట్టారన్నాడు. దీపాలు బాగాలేవన్నాడు. ఆంటీ వాదించకుండా, "ఈసారి నేను లోడ్ చేసిస్తా" అని పక్కకు తిరిగి సిలిండర్ నింపి ఇచ్చారు.

మొదటి తూటా పేలింది. రెండోసారి ట్రిగ్గర్ లాగితే పేలలేదు, టిక్ అంది అంతే. ఆ క్షణంలో ఆ జానెడు గొట్టం నేలవైపు ఎంతగా దిగిందంటే, బాబాయి తన బూట్లను కాలుద్దామనుకున్నాడేమో అనిపించింది. ఆంటీ సిలిండర్‌లోని కొన్ని గదుల్లో మంచి తూటాలు, కొన్నింట్లో పేలిపోయిన ఖాళీ తొడుగులు కలిపి పెట్టారు. తుపాకీ తంతుందన్న భయంతో, అది పేలకముందే చేయి దాన్ని కిందికి అదిమేస్తుంది. నిజంగా పేలితే ఆ కుదుపులో ఈ తప్పు ఎవరికీ కనపడదు. ఖాళీ తొడుగు దగ్గర దాక్కోవడానికి చోటుండదు.

నేను నవ్వాను. పైకే నవ్వాను. ఏడాదిగా దాచుకున్న చులకనంతా ఆ నవ్వులో వచ్చేసింది.

బాబాయి చెవి మూత ఒకటి పక్కకు లాగి, "ఈ తూటా పాడైంది సిస్టర్, చూడండి" అంటూ తుపాకీతో సహా వెనక్కి తిరిగాడు. వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. సిలిండర్‌లో ఇంకా మంచి తూటాలున్నాయి. ఆ గొట్టం నాన్న భుజాన్ని దాటి, నా గుండె మీదుగా వస్తోంది. నల్లటి గుండ్రటి రంధ్రం తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. ఆంటీ ఎప్పుడు కదిలారో చూడలేదు. రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టుకుని తూటాలను ఆపే ఇసుక గోడ వైపు తిప్పి, వేలు పక్కకు లాగి, తుపాకీ తీసేసుకున్నారు. తూటాలన్నీ బల్లమీద రాల్చేశారు. నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తూటా పాడైంది" అని బాబాయి మళ్ళీ అన్నాడు.

ఆవిడ ఖాళీ తొడుగును ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, అయితే తుపాకీలోనే లోపముందన్నాడు.

ఇక నేర్పడం మానేసి ఇంటికి పంపేస్తారనుకున్నాను. ఆవిడ నాకు నీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి, తర్వాత బల్ల దగ్గరికి పిలిచారు. మధ్య రివాల్వర్‌లో తనే తూటాలు పెట్టి ఇచ్చి, నా వెనకే నిలబడ్డారు. నాకు ధీమాగానే ఉంది. కిటుకు నా కళ్ళముందే బయటపడింది కదా, ఖాళీలు ఉంటాయని ముందే తెలుసు కదా. మొదటిసారి లాగాను. టిక్. నా గొట్టం కూడా కిందికి వంగింది. బాబాయి గొట్టమంత కాదు గానీ, నలుగురికీ కనపడేంత వంగింది.

ఆయన హాలు మోగేలా నవ్వాడు.

"ఏమైంది?" అని ఆంటీ అడిగారు. నా చెవులు కాలిపోతున్నాయి. తప్పును తూటా మీదికి, బరువు మీదికి, పిడి మీదికి నెట్టేయడానికి మాటలు నాలుక దాకా వచ్చాయి. అవి బాబాయి మాటల్లాగే ఉన్నాయి. అందుకే ఆగిపోయాను.

"ఐ గాట్ స్కేర్డ్" అన్నాను.

"ఇంగ్లీషులో చెప్తే సిగ్గనిపించదు. తెలుగులో చెప్పు."

"భయమేసింది ఆంటీ."

"ఆఁ. నాకూ వేస్తుంది. ఇక మొదలుపెడదాం" అన్నారు.

బాబాయి తెచ్చిన క్లబ్ కాగితం మీద ఆవిడ సంతకం చేయలేదు. ఎందుకని ఆయన గద్దిస్తే, "భయపడినందుకు కాదు తమ్ముడూ. భయం వేయలేదన్నారు చూడండి, అందుకు" అన్నారు. ఇంటికి వచ్చే దారిలో 401 హైవే మీద బాబాయి ఆవిణ్ణి అనరాని మాటలన్నీ అన్నాడు. నాన్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "ఆ గొట్టం నా కూతురి మీదికి తిప్పావురా. దాని గురించి ఒక్క మాటైనా అంటావేమోనని చూస్తున్నా" అన్నాడు. తమ్ముడితో నాన్న అలా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. బాబాయి కొన్ని నెలలు మా ఇంటికి రాలేదు. ఆ నెలల్లో శనివారాలు ఎంత ప్రశాంతంగా ఉండేవో చెప్పలేను. తర్వాత ఇంకేదో క్లబ్‌లో ఎవరినో పట్టుకుని అన్నింటికంటే పెద్ద రివాల్వరే కొన్నాడు. నాకు తెలిసి దాన్ని రెండుసార్లు కాల్చాడు. మిగతా కాలమంతా ఇంటికొచ్చినవాళ్ళకు పెట్టె తీసి చూపించాడు.

నేను ఆ చలికాలమంతా ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో ఖాళీ రివాల్వర్‌తో ట్రిగ్గర్ లాగడమే నేర్చుకున్నాను. గొట్టం కొస మీద ఒక నాణెం పెట్టేవారు. అది పడకుండా వరుసగా వందసార్లు లాగేదాకా మళ్ళీ తూటా ముట్టుకోనివ్వలేదు. చలికాలం వెళ్ళిపోయాక గానీ ఆ వంద పూర్తి కాలేదు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడ ఆనాటి వయసు దాటి నాకు చాలా ఏళ్ళయింది. ఈ దేశంలో ఇక చేతి తుపాకులు కొత్తగా కొనే వీలు లేదు. ఆ నిబంధన రాబోతోందని తెలిసిన రోజుల్లో మా క్లబ్‌కి మన కుర్రాళ్ళు చాలామంది వచ్చారు, మార్కమ్‌లోని ఐటీ ఆఫీసుల నుంచి, హైదరాబాద్‌లో చదివి అమెరికా మీదుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు. ఏది కొనాలి ఆంటీ అని నన్ను అడిగేవాళ్ళు. మధ్య సైజుది, మెత్తటి తూటాలు, అని చెప్తే మొహమాటంగా నవ్వి, వెళ్ళి పెద్దదే కొనుక్కునేవాళ్ళు. వీడియోలు చూసి రీసెర్చ్ చేశారట. వాళ్ళంటే నాకు గౌరవం లేదు, ఉన్నట్టు నటించే ఓపికా లేదు.

అయినా వాళ్ళు నేర్చుకోవడానికి నిలబడినప్పుడు ఖాళీ తొడుగులు కలిపి ఇస్తాను. గొట్టం వంగడం నేను పెద్దగా పట్టించుకోను, అది అందరికీ వంగుతుంది. ఆ తర్వాత నోట్లోంచి వచ్చే మొదటి మాట కోసం చూస్తాను. తూటా పాడైందన్నవాడికి కాఫీ ఇచ్చి పంపేస్తాను. నా చేయి కూడా ఇప్పటికీ ఒక్కోసారి ముందే అదురుతుంది. అప్పుడు పక్కన ఎవరున్నా, ఎవరూ లేకపోయినా, రివాల్వర్ బల్లమీద పెట్టి పైకే చెప్తాను, తెలుగులో, భయమేసిందని.